కదురు ఏ చేతిలో

వెలికో తర్నొవో,
12 అక్టోబరు 2009

గినా అక్కా,

నువ్వు ముప్పై రెండేళ్ళు ఏలిన స్లైడ్ల గదిని, ఆ ఫిల్ము బొమ్మల చట్రాలన్నిటితో సహా, నిన్న ఖాళీ చేశారు. అల్మారాలు నడవాలో నిలబడ్డాయి, ఇల్లు ఖాళీ చేయించిన కాపురంలా. నీ కుర్చీలో సున్నం బకెట్టు కూర్చుంది.

డీన్ దిమోవ్ సభ పెట్టాడు. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్ద డబ్బా ఒకటి ఎత్తి పట్టుకుని, "పన్నెండు వేల స్లైడ్లు! అన్నీ ఇందులోనే!" అన్నాడు. చప్పట్లు. నేను లేచాను. నేను లేస్తే అందరూ గడియారాలు చూసుకుంటారని నీకు తెలుసు.

"అయ్యా, లోపలికి వెళ్ళాయి సరే. బయటికి తీయడమెలా?"

"వెతికితే వస్తాయి, జోర్నిత్సా మేడం."

"ఏమని వెతకను? స్కాన్ చేసినవాళ్ళు పేర్లు రాయలేదు, నంబర్లు వేశారు. 7418 అంటే మరియమ్మా, మేకపిల్లా?"

నవ్వారు. ఆ నవ్వుతోనే సభ అయిపోయింది. ఈ దేశంలో ఏ ప్రశ్ననైనా చంపాలంటే కత్తులక్కర్లేదు, నవ్వు చాలు.

నా కోపం కంప్యూటరు మీద కాదు. పాతకాలపుదానివి అనేవాళ్ళకి ఈ మాట చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. బొమ్మ తెర మీదికి దానంతటది నడిచి రాదు, దాని వెనక ఒక మనిషి ఉండాలి. వీళ్ళు యంత్రం తెచ్చారు, మనిషిని మరిచారు. నలభై మంది టీచర్లకు కలిపి కలీనా అనే ఒక్క అమ్మాయి, అదీ నేలమాళిగలో. పొద్దున ఎనిమిదింటికి ఆరు గదుల్లో ఆరు ప్రొజెక్టర్లు మొరాయిస్తే ఆమె ఆరు ముక్కలు కావాలి. పైగా గదికి ఒక్క తెరే. ఇదివరకు రెండు బొమ్మలు పక్కపక్కన వేసి "తేడా చెప్పండి" అనేదాన్ని. మా చిత్రకళా చరిత్ర చదువంతా ఆ ఒక్క మాటే కదా. ఇప్పుడు ఒకటి పోయాక ఒకటి వస్తుంది, బస్సుల్లాగా.

అసలు సంగతికొస్తాను. మే ఇరవై మూడున, అక్షరాల పండుగ ముందురోజు, పెద్ద హాల్లో ఉపన్యాసం నాది. నా ప్రొఫెసర్ పదవి దానిమీదే తేలుతుంది. యాభై నాలుగేళ్ళొచ్చాయి, ఇప్పుడు కాకపోతే ఇక లేదు. ఏ బొమ్మ గురించో నీకు చెప్పక్కర్లేదు: బెలి బ్రోద్ ఆడవాళ్ళు. ఊరూ చర్చీ అరవై రెండులో జలాశయం కింద మునిగిపోయాయి. మిగిలింది నీ అల్మారాలోని ఆ ఒక్క స్లైడు. ఏ చర్చిలోనైనా తుది తీర్పు బొమ్మ గీసిన గోడ మీద, చూసేవాళ్ళకు ఎడమవైపు స్వర్గం, కుడివైపు నరకం. ఆకులూ వేర్లూ ఇచ్చే మందులవ్వనీ, ఆమె వెంట నడిచే ఆడవాళ్ళనీ పాదిరీలు ఎప్పుడూ కుడివైపుకే తోలారు. బెలి బ్రోద్ చిత్రకారుడు ఒక్కడే వాళ్ళను ఎడమవైపుకు నడిపించాడు. పద్దెనిమిదేళ్ళుగా ఈ మాట మీదే బతుకుతున్నాను. పుస్తకం రాశాను, బిషప్పు చేత తిట్లు తిన్నాను. ఈసారి ఆ మునిగిన ఊరి ముసలమ్మల్ని పిలిచి ముందు వరుసలో కూర్చోబెడతాను.

అందుకని ఆ స్లైడు ఏ నంబరు కింద ఉండొచ్చో రాయి. మిగతావాటికి పేర్లు పెట్టే దారి కూడా చెప్పు. నువ్వు కంప్యూటరు తెర ముందు కూర్చోనన్నావు, సరే, కాగితం మీదే చెప్పు.

జోరా


విదిన్,
26 అక్టోబరు

జోరా,

నీ ఉత్తరం చదువుతుంటే మా చెల్లెలు వంటింట్లోంచి "ఎవరితోనే గొడవ?" అంది. నీ అక్షరాలే అరుస్తాయి.

నీలం అట్ట పుస్తకాలు తొమ్మిది ఉండాలి. పారేయలేదు కదా? ప్రతి స్లైడుకూ అందులో ఒక వరుస ఉంది: ఏ ఊరు, ఏ గోడ, ఎవరు ఫోటో తీశారు, ఎప్పుడు వచ్చింది. స్కాన్ చేసిన కంపెనీ వేసిన నంబరు స్లైడు నంబరు కాదు. వాళ్ళు సొరుగులు ఏ వరుసలో తీశారో కనుక్కో. నా అనుమానం, తలుపు పక్క అల్మారా నుంచి మొదలుపెట్టి ఉంటారు. మోసేవాళ్ళెప్పుడూ తలుపు పక్కనుంచే మొదలుపెడతారు. అది మూడో అల్మారా. అక్కణ్ణుంచి లెక్కపెట్టుకుంటూ పో, తాళంచెవి దొరుకుతుంది.

ఇంకోటి. స్లైడును సరిగ్గా పట్టుకుంటే ఎర్ర చుక్క కింద ఎడమ మూలన ఉండాలి. స్కాన్ చేసేటప్పుడు చుక్క చూసుకున్నారేమో అడుగు.

కలీనాకు ఒక కుర్చీ, ఒక కిటికీ ఇప్పించు. నేలమాళిగలో రంగులు ఎలా సరిచూస్తుంది ఆ పిల్ల?

బెలి బ్రోద్ స్లైడు ఐదో అల్మారా, రెండో సొరుగు. దాని గురించి నాకు ప్రత్యేకంగా గుర్తున్నదేమీ లేదు. అయినా ఆ ఉపన్యాసానికి ఇంకో బొమ్మ తీసుకోరాదా? నీ దగ్గర మంచివి చాలా ఉన్నాయి. ఒకే పాట ఎన్నాళ్ళు పాడతావు?

డాన్యూబ్ మీద పొగమంచు. గుమ్మడికాయ బానిత్సా చేశాను, నువ్వుంటే సగం లాగించేదానివి.

గినా


వెలికో తర్నొవో,
30 నవంబరు

అక్కా,

నీ అనుమానం నిజం, తలుపు పక్కనుంచే మొదలుపెట్టారు. నీలం పుస్తకాల్ని చిత్తుకాగితాల కుప్పలోంచి కలీనా ముందే తీసి దాచింది. "అంత చక్కటి చేతిరాత పారేయబుద్ధి కాలేదు" అంది. మూడు వేల బొమ్మలకు పేర్లు పెట్టాం. ఆమెకు కుర్చీ వచ్చింది, కిటికీ రాలేదు.

ఇప్పుడు విను. నిన్న బెలి బ్రోద్ బొమ్మ తెరిచాం. క్లాసు గోడ మీద పడ్డప్పుడు ఇన్నేళ్ళు చూశాను, ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. మీట నొక్కినకొద్దీ గోళ్ళు, కుచ్చిళ్ళు, చెవిపోగులు. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. అప్పుడా పిల్ల తల పక్కకు వాల్చి అంటుంది కదా:

"మేడం, ఈ ఊళ్ళో అందరిదీ ఎడమచేతివాటమా?"

"ఏం?"

"ముగ్గురు ఉన్ని వడుకుతున్నారు కదా. మా నాయనమ్మ ఉన్ని చుట్టిన కర్ర ఎడమవైపు నడుంలో దోపుకుని, కుడిచేత్తో కదురు తిప్పేది. వీళ్ళు ముగ్గురూ తిరగేసి పట్టుకున్నారు."

నేనేమన్నానో తెలుసా? "నువ్వు ప్రొజెక్టర్లు చూసుకో, బొమ్మలు నేను చూస్తాను" అన్నాను. అవును, నేనే. ఆ పిల్ల తీగలు చుట్టడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చి ఆలోచించాను. దీనికి జవాబుంది. నాటు వైద్యంలో ఎడమచెయ్యి మంత్రాల చెయ్యి. ఎడమచేత్తో వడికిన దారమే తాయెత్తుకు పనికొస్తుందని కొన్నిచోట్ల నమ్మకం. చిత్రకారుడు కావాలనే వాళ్ళకు ఎడమచేతిలో కదురిచ్చాడు! ఇది నా వాదాన్ని కొట్టదు, ఇంకా గట్టి చేస్తుంది. నాలుగు పేజీలు రాశాను కూడా.

రాసి చదువుకుంటే, నేను ఎవరినైతే ఎప్పుడూ ఎండగడతానో అలాంటి ప్రొఫెసర్ల వాసనే వచ్చింది ఆ నాలుగు పేజీల్లో.

నిజం చెప్పు అక్కా. ఆ స్లైడు మీద చుక్క ఎవరు పెట్టారు?

జోరా


విదిన్,
14 డిసెంబరు

జోరా,

చుక్క పెట్టింది నేనే.

తొంభై ఒకటి మార్చి, ఒక బుధవారం. మొదటి క్లాసులో ప్రొజెక్టరు వేడికి ఆ స్లైడు అద్దం పగిలింది. తర్వాతి క్లాసు నీది, మధ్యన పది నిమిషాలు. ఫిల్ము తీసి కొత్త చట్రంలో బిగించాను. తొందరలో బోర్లా బిగించాను. చుక్క మాత్రం ఎప్పుడూ పెట్టే మూలనే పెట్టాను. అంటే చుక్క సరైన చోటే ఉంది, బొమ్మే తిరగబడింది. చుక్కను నమ్మిన ప్రతివాళ్ళూ తప్పు చూశారు.

నువ్వు ఆ బొమ్మ చూడటం అదే మొదటిసారి. గోడ మీద పడగానే సగం మాటలో ఆగిపోయావు. తర్వాత, "పిల్లలూ, చూడండి, వీళ్ళు స్వర్గానికి వెళ్తున్నారు!" అన్నావు. వెనక వరుసలో ఒకమ్మాయి ఏడ్చింది, వాళ్ళ అమ్మమ్మ మందులవ్వేనట.

రెండు రోజుల తర్వాత నీలం పుస్తకంలో కొత్త చట్రం సంగతి రాయబోతూ ఫిల్ము మెరిసే వైపు ఏదో చూస్తే తప్పు బయటపడింది. చెప్పడానికి వచ్చాను. తలుపు దగ్గరే ఆగాను. నువ్వు అదే బొమ్మ గురించి ఇంకో క్లాసుకు చెబుతున్నావు. వచ్చే వారం చెబుదామనుకున్నాను. వారం వ్యాసమయింది, వ్యాసం పుస్తకమయింది. పుస్తకమయ్యాక ఎవరు చెబుతారు?

ఇది నా తప్పు. సాకులు వెతకను.

కానీ ఇంకో మాట రాస్తాను, ఇష్టం లేకపోతే చింపెయ్. కదురు తప్పుచేతిలో ఉందని నాకు నీలం పుస్తకం తెరవక ముందే ఆ రోజే తెలుసు. నాకు ఏడేళ్ళప్పుడు మా అమ్మ చేతిలో కదురు పెట్టింది. పదిహేనేళ్ళు ప్రొజెక్టరు వెనక నిలబడి ఆ బొమ్మ చూశాను. చదువు లేని ఆడవాళ్ళ తెలివిని ఈ లోకం ఏనాడూ ఖాతరు చేయలేదని నువ్వు ముందున్నవాళ్ళకు చెప్పావు, ఎంత బాగా చెప్పావో. ఒక్కసారి వెనక్కి తిరిగి "గినా, నీకేం కనిపిస్తోంది?" అని అడగలేదు. గదిలో కాఫీ తాగుతూ "అక్కా" అనేదానివి. హాల్లో "తర్వాతది" అనేదానివి.

నేను చెప్పకపోవడానికి అది కారణం కాదు. అయినా నీకు తెలియాలి.

గినా


వెలికో తర్నొవో,
20 డిసెంబరు

గినా గారికి,

మీ ఉత్తరం అందింది. పదిహేనేళ్ళు నన్ను నలుగురిలో తలకిందులుగా నిలబెట్టి, మీరు వెనకనుంచి చూస్తూ నిలబడ్డారు. పైగా ఎందుకు అడగలేదని నన్నే నిలదీస్తున్నారు. మీకు నోరు లేదా? నోరులేనివాళ్ళ కోసమే నేను గొంతు చించుకున్నాను. నోరుండీ మూసుకున్నవాళ్ళ కోసం కాదు.

బొమ్మను తిప్పాలంటే ఫారం మీద నా సంతకం కావాలని కలీనా అడిగింది. వద్దన్నాను. నీళ్ళ కిందికి దిగి ఆ గోడ ఎవరూ చూడరు.

ఇక ఉత్తరాలు అక్కర్లేదు.

జోర్నిత్సా కెహాయొవా


విదిన్,
24 ఫిబ్రవరి 2010

జోరా,

మార్చి ఒకటి వస్తోంది. వసంతపు ఎరుపు తెలుపు దారం పెట్టాను, కోపమున్నా మణికట్టుకు కట్టుకోవాలి. కొంగ కనిపించేదాకా విప్పకు.

కవరులో ఇంకొకటి కూడా ఉంది. నేను రిటైరైన రోజు ఆ గదిలోంచి తెచ్చుకున్నది ఇదొక్కటే. తెచ్చుకోవడం కాదు, దొంగతనం. నీ స్లైడు ఈ ఫోటో నుంచే తయారైంది. ఊరు మునగడానికి ముందు తీసిన ఫోటో, గోడ మొత్తం ఉంది. స్లైడు కోసం మధ్య ముక్క మాత్రమే తీసుకున్నారు. దీన్ని ఎవరైనా స్లైడు పక్కన పెట్టి చూస్తే నా తప్పు బయటపడేది. అందుకే ఎత్తుకొచ్చాను.

నాలుగేళ్ళుగా దుప్పట్ల కింద దాచాను. ఇప్పుడు దాన్ని ఏం చేస్తావో నీ ఇష్టం. పొయ్యిలో వేసినా అడగను. కానీ వేసే ముందు ఒకసారి గోడంతా చూడు. నేను ఎప్పుడూ కదురు దగ్గరే ఆగిపోయాను, మిగతాది చూసే ధైర్యం చాలలేదు.

నీకు నోరు లేదా అన్నావు. ఉంది. నీ పుస్తకం వచ్చినప్పుడు బయట వానలో నిలబడి మరీ కొన్నాను. మా చెల్లెలికి మొత్తం పైకి చదివి వినిపించాను. అబద్ధమని తెలిసీ, నిజమైతే ఎంత బాగుండును అనుకున్నాను. మనిషి నోరు మూతపడేది ఒక్క భయంతోనే కాదు జోరా.

గినా


వెలికో తర్నొవో,
18 ఏప్రిల్

గినా అక్కా,

దారం కట్టుకున్నాను. కొంగ ఇంకా కనిపించలేదు. కనిపించినా నిన్ను క్షమించానని కాదు, రెండూ వేరు.

ఫోటో ఆరు వారాలు సొరుగులో పడేశాను. మొన్న తీసుకుని నేలమాళిగకు దిగాను. కలీనాకు ముందు క్షమాపణ చెప్పాను. వంకరగానే చెప్పాను, నాకు అలవాటు లేదు. ఆ పిల్ల ఫోటోను పట్టుకున్న తీరు చూడాల్సింది, పక్షిపిల్లను పట్టుకున్నట్టు. స్కాన్ చేసి తెర మీద పరిచింది. నేను నోరు కట్టేసుకుని, "ముందు నువ్వు చెప్పు, ఏం కనిపిస్తోంది?" అన్నాను.

"వీళ్ళు కుడివైపుకే పోతున్నారు మేడం."

"తెలుసు. ఇంకా?"

"చివర్లో దయ్యముంది. దాని చేతిలో తాడుంది. ఆ తాడు వీళ్ళ నడుముల చుట్టూ ఉంది."

అక్కా, స్లైడులో దయ్యం లేదు, కోతలో పోయింది. అంచున, మొదటి ఆడమనిషి నడుము దగ్గర, తాడు ముక్క మాత్రం మిగిలింది. నా పుస్తకంలో దాన్ని ఏమన్నానో గుర్తుందా? "ఆడవాళ్ళు తమకోసం తాము వడుక్కున్న దారం" అన్నాను. పేజీన్నర రాశాను దాని మీద.

కలీనా మీట నొక్కుతూనే ఉంది. దయ్యం చేతికీ మొదటి ఆడమనిషి నడుముకీ మధ్య గోడ తెల్లగా ఉంది. "తేమకు పెచ్చు రాలింది" అన్నాను. ఆమె ఇంకా పెద్దది చేసింది. సన్నటి గీతలు, వందలు, అడ్డంగా, ఒకదాని మీద ఒకటి.

"తేమ తాడు వెంటే నడవదు కదా మేడం" అంది.

ఎవరో తాడును గీకేశారు. దయ్యాన్ని ముట్టుకోలేదు, నరకాన్ని ముట్టుకోలేదు, తాడును మాత్రం తెంపారు. నేను పద్దెనిమిదేళ్ళు ఆ తిరుగుబాటును ఒక మగ చిత్రకారుడి ఖాతాలో రాశాను. వాడు పాదిరి చెప్పినట్టే గీశాడు, బుద్ధిమంతుడు. తిరగబడ్డది గోడ ముందు నిలబడ్డవాళ్ళు.

బొమ్మను తిప్పే ఫారం మీద సంతకం పెట్టాను. దిమోవ్ పిలిచి మెత్తగా చెప్పాడు: "అంశం మార్చుకోండి మేడం, పదవి వచ్చాక మెల్లగా సరిదిద్దుకోవచ్చు." ఆలోచిస్తానన్నాను. నిజంగానే ఆలోచించాను అక్కా, రెండు రోజులు. నీ పదిహేనేళ్ళు ఎలా గడిచాయో ఆ రెండు రోజుల్లో కాస్త అర్థమైంది.

మార్చుకోవడం లేదు.

జోరా


వెలికో తర్నొవో,
26 మే

అక్కా,

అయిపోయింది.

కలీనా ఎక్కడినుంచో రెండో ప్రొజెక్టరు మోసుకొచ్చింది. రెండు బొమ్మలు పక్కపక్కన వేశాం. "ఎడమవైపున్నది పద్దెనిమిదేళ్ళుగా నేను మీకు చూపించింది. తప్పు. కుడివైపున్నది గోడ. తేడా చెప్పండి" అన్నాను. ముందు వరుసలో బెలి బ్రోద్ ముసలమ్మలు ఐదుగురు, తలగుడ్డలు కట్టుకుని. వాళ్ళ ముందు నా పుస్తకాన్ని నేనే చింపుకోవాలి.

నేనింకా తాడు దాకా రాలేదు, ఎనభై ఎనిమిదేళ్ళ వెలికా అవ్వ లేచింది.

"అయితే ఇది మా చర్చేనన్నమాట!"

"అవునవ్వా."

"నీ పుస్తకం మా మనవరాలు తెచ్చి చూపించింది. బొమ్మ చూసి మాది కాదన్నాను. పక్కూరిదేదో అయ్యుంటుంది, అక్కడివాళ్ళు స్వర్గానికి పోయేరకం అనుకున్నాం. మావాళ్ళు ఎప్పుడూ నరకానికే కదా!"

హాలు నవ్వులతో పగిలిపోయింది. బిషప్పు ఆఫీసునుంచి వచ్చినాయన కూడా గడ్డంలో నవ్వాడు. అక్కా, ఆ పుస్తకం ఆ ఊరివాళ్ళ గురించి. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి వాళ్ళింటికి బొమ్మ పట్టుకెళ్ళి "ఇది మీదేనా?" అని అడిగి ఉంటే సరిపోయేది. ఒక్కసారైనా అడగలేదన్న నీ మాట అక్కడ మళ్ళీ తగిలింది.

తాడు చూపించాను. అవ్వ ఠక్కున అంది:

"అది మా అత్త పని. దోబ్రా."

మొదటి ఆడమనిషి మొహం దోబ్రా తల్లి మొహంలా ఉండేదట. ప్రతి ఆదివారం తల్లిని తాడేసి లాక్కుపోతుంటే చూడలేక, ఈస్టరు ముందు ఉపవాసాల నలభై రోజులూ కొంగు చాటున కదురు తెచ్చి, దాని కొనతో రోజుకు కొంచెం గీకిందట. పాదిరి పట్టుకున్నాడు. ఏడాది చర్చిలో సత్ప్రసాదపు రొట్టె ఇవ్వలేదు.

"పోతే పోయింది. చర్చి రొట్టెకంటే మా అత్త రొట్టే బాగుండేది" అంది అవ్వ, బిషప్పు మనిషి వైపే చూస్తూ.

నా పదవి సంగతి: సంఘం "మళ్ళీ చూద్దాం" అంది. అంటే చూడరు. ఇరవై ఏళ్ళు ఒక బొమ్మను తిప్పి చూపినామెను ప్రొఫెసర్ ఎలా చేస్తామని ఒకాయన నడవాలో గొణిగాడు. "బాబూ, మీరు జీవితంలో ఒక్క తప్పయినా ఒప్పుకున్నారా, పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నాను. కోపం తగ్గలేదు. కానీ కలీనాకు కిటికీ ఉన్న గది సాధించాను.

బొమ్మ చీటీ మార్చాం. "కర్త" అన్నచోట ఇన్నాళ్ళూ "తెలియని చిత్రకారుడు" అని ఉండేది. కింద ఇంకో వరుస చేర్చాం: "తాడు గీకినది: దోబ్రా, బెలి బ్రోద్." పాత తిరగబడ్డ బొమ్మను దిమోవ్ తీసేయమన్నాడు, మేం తీయలేదు. తప్పు ఎంత అందంగా ఉంటుందో పిల్లలకు తెలియాలి. దాని చీటీ మీద "1991లో చట్రంలో తప్పుగా బిగించబడింది, జో. కెహాయొవా సరిచూడలేదు" అని రాశాం. నీ పేరు రాయలేదు. ఈ గొడవలోకి నిన్ను లాగడం నాకిష్టం లేదు. నిశ్చింతగా ఉండు.

జోరా


విదిన్,
3 జూన్

జోరా,

నీ ఉత్తరం మా చెల్లెలికి పైకి చదివాను. రొట్టె దగ్గర ఇద్దరం నవ్వి నవ్వి కూలబడ్డాం. నీ పదవి దగ్గర తను తిట్టిన తిట్లు రాయను.

చీటీ గురించి. ముప్పై రెండేళ్ళలో ఆ గదికి పన్నెండు వేల చీటీలు రాశాను. చిత్రకారుడి పేరు, ఫోటో తీసినవాడి పేరు, ఇచ్చినవాడి పేరు, అడిగిన ప్రొఫెసరు పేరు. ఒక్కదాని మీదా నా పేరు లేదు. ఉండాలని ఎవరికీ తోచలేదు, నిజానికి నాకూ తోచలేదు.

"బిగించబడింది" ఏమిటి? దానంతటది బిగుసుకుందా? చేసినదాన్ని నేను. కలీనాతో చెప్పు, ఆ మాట కొట్టేసి నా పేరు రాయమను. గినా అని కాదు, ఇంటిపేరుతో సహా, పూర్తిగా: గినా మిన్కోవా బలాబానొవా, స్లైడ్ల గది.

గినా